గంటల కొద్దీ గ్రైండ్ చేయించే మల్టీప్లేయర్ గేమ్ ఆడాలా, వదిలేయాలా?

గ్రైండ్ అంటే రివార్డుల కోసం అదే ఆట పదేపదే ఆడటం. దాంతో మీకు వచ్చేది బట్టలా, బలమా? ముందు అది చూడండి.

తుపాకుల ఆట బీజీఎంఐలో రాయల్ పాస్ (మిషన్ల పాయింట్లతో నింపే సీజన్ రివార్డుల వరుస) ఎంత నింపినా వచ్చేవి డ్రెస్సులు, గన్ స్కిన్లే (తుపాకీ పై డిజైన్లు). మ్యాచ్‌లో తుపాకీ అందరూ కింద నుంచే ఏరుకోవాలి. పాస్ నింపకపోయినా ఆటలో నష్టం లేదు. కార్డులతో సైనికులను దించి అవతలివాడి టవర్లు కూల్చే క్లాష్ రాయల్ వేరే లెక్క. కార్డు ఒక లెవల్ పెరిగితే డ్యామేజ్, హెల్త్ సుమారు 10 శాతం పెరుగుతాయి. అవతలివాడి కార్డులు రెండు లెవల్స్ పైన ఉంటే, మీరు టైమింగ్ తప్పకుండా ఆడినా వాడి ట్రూప్ (కార్డుతో దించిన సైనికుడు) కొద్దిపాటి హెల్త్‌తో మిగిలి మీ టవర్‌ను కొడుతుంది. దాన్ని ఓటమి అనను, వసూలు అంటాను. లెవల్స్ అందరికీ సమానం చేసే ఛాలెంజ్‌లు ఆడితే ఈ లొల్లి ఉండదు.

2017 నవంబర్‌లో స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2లో డార్త్ వేడర్ పాత్రను అన్‌లాక్ చేయడానికి 60,000 క్రెడిట్లు (ఆడి సంపాదించే ఆట డబ్బు) పెట్టారు. ఆటగాళ్లు తిరగబడితే 15,000కు దించారు. అంటే ధర కష్టాన్ని బట్టి కాదు, మన ఓపికను బట్టి పెడతారన్నమాట.

పాస్ కొనే ముందు లెక్క వేయండి: మిగిలిన పాయింట్లు 5,000, రోజుకు 200 వస్తే 25 రోజులు కావాలి. సీజన్ 18 రోజులే ఉంటే కొనడం దండుగ.

హనుమకొండ హాస్టళ్లలో రాత్రిపూట అందరూ ఒకే వైఫై మీద పడతారు. పింగ్ (సర్వర్ నుంచి జవాబు రావడానికి పట్టే సమయం) 100 మిల్లీసెకన్లు దాటితే ర్యాంక్ మ్యాచ్ జోలికి పోకండి, పాయింట్లు పోతాయి. అప్పుడు రెండు జట్లు తలపడే టీమ్ డెత్‌మ్యాచ్‌లో అయ్యే మిషన్లు ముగించుకోండి. ర్యాంక్ పొద్దున్నే ఆడొచ్చు.