కోళ్లకు బేకరీ సరుకు: ముందు ఉప్పు లెక్క చూసుకోండి

ప్రశ్న: పెరట్లో 20 గ్రామప్రియ పెట్టలు, ఆరు వారాల పిల్లలు 15 పెంచుతున్నాం. తెలిసిన బేకరీ నుంచి మిగిలిన బ్రెడ్, బన్నులు, విరిగిన ఉస్మానియా బిస్కెట్లు రోజుకు రెండు కిలోల దాకా వస్తాయి. వాటిని నానబెట్టి, గుప్పెడు మైదా, అరుగుదలకని రెండు పెద్ద చెంచాల వంటసోడా కలిపి పొద్దున అన్నింటికీ పెడుతున్నాం. సాయంత్రం నూకలు చల్లుతాం. పది రోజులుగా రెట్ట నీళ్లలా పోతోంది. వారంలో ఆరు పిల్లలు పొట్ట ఉబ్బి చనిపోయాయి. గుడ్ల పెంకు పలచబడింది. నూకలు కడుపులో ఉబ్బి ఇలా అవుతోందని మా అనుమానం. మందుల షాపులో కొక్కెర తెగులని చెప్పి యాంటీబయోటిక్, ఎలక్ట్రోలైట్ పొడి ఇచ్చారు. ఏం చేయాలి?
– ఒక మహిళా రైతు, కీసర

జవాబు: అమ్మా, నూకల తప్పేమీ లేదు. పచ్చి బియ్యం, నూకలు కోడి కడుపులో ఉబ్బి పొట్ట పగలడమనేది ఉత్త మాట. కందనకాయ వాటిని పిండి చేస్తుంది. అందుకు పెరట్లో ఇసుక, చిన్న రాళ్లు ఏరుకునే వీలుంటే చాలు. షాపువాళ్లు చెప్పిన కొక్కెర కూడా మీరు రాసిన లక్షణాలకు అతకడం లేదు. కొక్కెరలో రెట్ట పచ్చగా పడుతుంది, కోళ్లు నోరు తెరిచి గురక పెడతాయి, మెడ తిప్పుకుంటాయి, కాళ్లు రెక్కలు పడిపోతాయి. అవేవీ లేకుండా నీళ్ల రెట్ట, పిల్లల పొట్టలో నీరు, అదీ ఇలాంటి మేత తింటున్న కోళ్లలో అంటే నా మొదటి అనుమానం ఉప్పు మీదే. ఉప్పంటే వంటింటి ఉప్పు ఒక్కటే కాదు, సోడాలోని సోడియం కూడా.

లెక్క చూడండి. బ్రెడ్డు, బిస్కెట్లలో సుమారు నూటికి ఒక వంతు ఉప్పు ఉంటుంది. రెండు కిలోలంటే 20 గ్రాముల ఉప్పు, అందులో 8 గ్రాముల సోడియం. వంటసోడాలో నాలుగో వంతుకు పైగా సోడియమే. మీ రెండు చెంచాలు 28 గ్రాములనుకుంటే ఇంకో ఏడున్నర గ్రాములు. మొత్తం 15 గ్రాములు దాటింది. మీ 20 పెట్టలకూ 15 పిల్లలకూ కలిపి రోజుకు కావలసింది నాలుగున్నర గ్రాములు. అంటే మూడింతలకు పైనే. దాని మీద ఎలక్ట్రోలైట్ పొడి. అందులోనూ ఉప్పు, సోడా ఉంటాయి! జబ్బు తెచ్చినదాన్నే మందుగా అమ్మారన్నమాట.

పెద్ద పెట్టలు నీళ్లు బాగా తాగి రెట్టలో బయటికి తోసేస్తాయి. అందుకే వాటికి నీళ్ల రెట్టతో సరిపోయింది. పిల్లల మూత్రపిండాలకు ఆ శక్తి ఉండదు, పొట్టలో నీరు చేరి చనిపోతాయి. ఈ ఎండల్లో మధ్యాహ్నం నీళ్ల తొట్టి ఒక్క రెండు గంటలు ఎండిపోయినా విషం తలకెక్కినట్టే.

ఈ రోజే చేయాల్సినవి. బ్రెడ్, బిస్కెట్, మైదా, సోడా, ఎలక్ట్రోలైట్ అన్నీ ఆపండి. మంచినీళ్లు మట్టి పాత్రల్లో నీడన నాలుగైదు చోట్ల పెట్టి, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మార్చండి. మీ బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వారం పాటు తాగునీరే పోయండి. వాలిపోయిన పిల్లలను మాత్రం వేరు చేసి గంటకోసారి కొద్దికొద్దిగా తాగించండి. దాహంతో ఉన్నదాన్ని ఒక్కసారే నీళ్ల మీద వదిలితే మెదడు వాచి పడిపోతుంది. మూడు రోజులు ఉప్పు కలపని మక్కల నూక, సోయా చెక్క మాత్రమే పెట్టండి. తర్వాత కిలో దాణాకు 3 గ్రాముల ఉప్పు, అంతకు మించి వద్దు.

తెల్లవారుజామున మేత వేయకముందు ప్రతి కోడి మెడ కింది మేత సంచి తడిమి చూడండి. ఖాళీగా ఉండాలి. పిండిముద్దలా తగిలితే అది మైదా చేసిన పని. తడి మైదా జిగురుగా ముక్కుకు, అంగిట్లో అంటుకుంటుంది, సంచిలో గడ్డకడుతుంది. 2 మిల్లీలీటర్ల వంటనూనె చుక్కచుక్కగా పట్టించి, సంచిని వేళ్లతో మెల్లగా నలపండి. కాళ్లు పట్టి తలకిందులు చేసి కక్కించొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మర్నాటికీ ఖాళీ కాకపోతే డాక్టరుకు చూపించాల్సిందే.

వంటసోడా అరుగుదల మందు కాదు. దానికి ఒకే ఒక్క పని ఉంది. నడి వేసవిలో కోళ్లు నోరు తెరిచి రొప్పుతుంటే బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటికి పోయి, రక్తంలో బైకార్బొనేట్ తగ్గి, పెంకు పలచబడుతుంది. అప్పుడు కిలో దాణాకు 2 గ్రాములు కలిపి, ఉప్పును 2 గ్రాములకు తగ్గించాలి. లేదా లీటరు నీటికి 1 గ్రాము, మధ్యాహ్నం వేళ మాత్రమే. దాణాలోనూ నీళ్లలోనూ రెండింటా వేయొద్దు. చెంచాతో కాదు, తూకం వేసి కలపండి. మోతాదు ముదిరితే మూత్రపిండాల్లో సున్నంలా తెల్లటి యూరేట్ పేరుకుంటుంది. బేకింగ్ పౌడర్‌లోనూ సోడానే ఉంది, అది అసలే వద్దు.

ఈస్ట్ వేసి నానిన పచ్చి పిండి ముద్దలు బేకరీలో మిగిలాయని తెస్తుంటారు కొందరు. అది మేత సంచిలో వెచ్చదనానికి పొంగి, గ్యాసూ సారా చేస్తుంది. కోకో పొడి, చాక్లెట్ కేకు కోళ్లకు విషమే. బ్రెడ్ మీద ఒక మూల ఆకుపచ్చ బూజు కనిపిస్తే ఆ మూల కోసేసి మిగతాది వేయొద్దు. బూజు దారాలు లోపల దాకా పాకి ఉంటాయి. మక్కలకూ ఇదే మాట. వాటిలో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఎండబెట్టినా వేయించినా పోదు, కార్జాన్ని తినేస్తుంది. మక్క గింజ కొరికితే పటుక్కుమనాలి. మెత్తగా నలిగితే తేమ ఉన్నట్టు, కొనొద్దు. మందు పట్టించిన గులాబీ రంగు విత్తన మక్కలు మిగిలాయని చల్లేవాళ్లూ ఉన్నారు, ఒక్క గింజ కూడా వద్దు. పచ్చి సోయా గింజలు, పచ్చి రాజ్మా పనికిరావు.

బ్రెడ్ పూర్తిగా మానలేమంటే, బూజు లేనిది ఎండలో కరకరలాడేలా ఎండబెట్టి, పొడి చేసి, పెట్టకు రోజుకు 10 గ్రాములు మించకుండా వేయండి. ఆ రోజు దాణాలో ఉప్పు సగమే కలపండి. పిల్లలకు మాత్రం వద్దు.

పెంకు పలచబడడానికి అసలు కారణం వేరే ఉంది. ఒక్కో గుడ్డు పెంకులో 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. బ్రెడ్‌లో, నూకల్లో అది చాలినంత లేదు. పెట్టలకు 10 కిలోల దాణా ఇలా కలుపుకోండి: మక్కల నూక 4.6 కిలోలు, బియ్యపు నూకలు 1 కిలో, తవుడు 900 గ్రాములు, సోయా చెక్క రెండున్నర కిలోలు, సున్నపురాయి పలుకులు 800 గ్రాములు, డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్) 150 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు, విటమిన్-ఖనిజ మిశ్రమం 20 గ్రాములు (ప్యాకెట్ మీద మోతాదు వేరుగా ఉంటే దాని ప్రకారమే). మాంసకృత్తులు 17 శాతం వస్తాయి. కట్టేసి పెంచితే పెట్టకు రోజుకు 110 గ్రాములు, పగలంతా పెరట్లో తిరిగేదైతే 60-70 గ్రాములు. తవుడు పదిహేను రోజులకు మించి నిల్వ ఉంచితే ముక్కిపోతుంది, కొద్దికొద్దిగా తెచ్చుకోండి. ఈ దాణా పిల్లలకు అందనివ్వొద్దు, అంత కాల్షియం వాటి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పిల్లల మేత, తొట్టి రెండూ వేరుగా ఉండాలి.

ఇక ఆ యాంటీబయోటిక్ సంగతి. పేరు రాయలేదు మీరు. ఏదైనా సరే, డాక్టరు రాయలేదు కాబట్టి ఆపేయండి. ఒకవేళ నిజంగానే కొక్కెర అయినా అది వైరస్, యాంటీబయోటిక్‌కు లొంగదు. ఉప్పు విషానికి అసలే పనిచేయదు. ఇలాంటి షాపుల్లో ఎక్కువగా చేతిలో పెట్టేది ఎన్రోఫ్లాక్సాసిన్. గుడ్లు పెట్టే కోళ్లకు అది వాడకూడదు. గుడ్డులోని పచ్చసొన తయారవడానికి పది రోజులు పడుతుంది, మందు అందులో చేరుతూనే ఉంటుంది. కాబట్టి మందు ఆపిన నాటి నుంచి రెండు వారాలు ఆ గుడ్లు తినొద్దు, అమ్మొద్దు, ఇంట్లో పిల్లలకు అసలే పెట్టొద్దు. చచ్చిన కోడిని చూడకుండా, ఏం మేపుతున్నారని అడగకుండా సీసా అమ్మినవారి మాట మీద ఇంకెన్ని సీసాలు కొంటారు?

కొక్కెర కాదన్నానని టీకా మానొద్దు. మీ పిల్లలకు ఏడు రోజుల లోపు, మళ్లీ 28వ రోజున కొక్కెర రాకుండా లసోటా టీకా చుక్క కంట్లో వేయించారా? వేయించి ఉంటే, కోలుకున్నాక ఎనిమిది వారాల వయసులో ఆర్2బి టీకా అర మిల్లీలీటరు వేయించండి. లసోటా పడకపోతే ముందు అదే వేయించాలి, నేరుగా ఆర్2బి వేయకూడదు. నీరసంగా ఉన్నవాటికి ఇప్పుడే ఏ టీకా వద్దు.

ఇంకో పిల్ల చనిపోతే పారేయకండి, ఫ్రిజ్‌లో గడ్డ కట్టించకండి. రెండు పాలిథిన్ సంచుల్లో వేసి, చుట్టూ ఐసు పెట్టి, ఆరు గంటల లోపు దగ్గరి ప్రభుత్వ పశువైద్యశాలకు గానీ రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలకు గానీ తీసుకెళ్లి కోయించండి. కందనకాయకు పైనున్న జీర్ణాశయంలో రక్తపు చుక్కలు కనిపిస్తే నా అంచనా తప్పు, డాక్టరు చెప్పినట్టు నడుచుకోండి. పొట్టలో నీరు, పాలిపోయి ఉబ్బిన మూత్రపిండాలు కనిపిస్తే ఉప్పే. వెళ్లేటప్పుడు మీరు పెట్టిన మేత గుప్పెడు, ఆ మందు సీసా కూడా పట్టుకెళ్లండి.