పిర్లో పరిగెత్తడేం?

పోయిన సంచికలో ఇటలీ మాజీ ఫుట్‌బాల్ మిడ్‌ఫీల్డర్ ఆండ్రియా పిర్లో గురించి నాలుగు ముక్కలు రాసి, ఇంకా ఏమైనా ఉంటే అడగండి అన్నాను. ఉత్తరాలు బాగానే వచ్చాయి, చీవాట్లు కూడా. ఒకేలాంటివి కలిపేసి, మిగతావాటికి జవాబులు ఇస్తున్నాను.

వీడియోలు చూశాను సార్. పరిగెత్తడు, ముగ్గుర్ని తప్పించుకుని పోయేది లేదు, దేశం తరఫున 116 మ్యాచ్‌లాడి కొట్టింది 13 గోల్సట. ఇతన్ని మీరు నెత్తిన పెట్టుకోవడమేంటి? (ఒక పాఠకుడు, తెనాలి)

వీడియో ముక్కల్లో చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కెమెరా బంతి వెంట పోతుంది, పిర్లో పనేమో బంతి తన దగ్గరికి రాకముందే సగం అయిపోతుంది. అటోసారి ఇటోసారి మెడ తిప్పి ఎవడెక్కడున్నాడో చూసుకుంటాడు, బంతి రాగానే ఒక టచ్, రెండో టచ్‌కి అది ఎక్కడో నలభై గజాల అవతల, తనవాడు ఇంకా చేరుకోని చోట పడుతుంది. పరిగెత్తడం బంతికి వదిలేశాడన్నమాట.

అసలతను మొదట్నుంచీ అక్కడ ఆడినవాడు కాదు. 1979లో బ్రెషా పక్కన ఫ్లేరోలో పుట్టాడు, 1995లో 16 ఏళ్లకే బ్రెషా క్లబ్ తరఫున సీరీ ఆలో (ఇటలీ పెద్ద లీగ్) దిగాడు, అప్పట్లో ఫార్వర్డ్‌ల వెనకాల ఆడే నంబర్ 10 తరహా. 1998లో ఇంటర్ మిలాన్ కొనుక్కుంది, కొన్నాక ఏం చేయాలో పాలుపోక ఒక సీజన్ రెజీనా అనే క్లబ్‌కి లోన్ మీద ఇచ్చింది, 2001లో మళ్లీ బ్రెషాకే పంపింది. తీరా అక్కడికెళితే ఆ నంబర్ 10 చోట ఇటలీ సూపర్‌స్టార్ రాబర్టో బాజో ఉన్నాడు. బాజోని లేపి పిర్లోని కూర్చోబెట్టే కోచ్ ఎవడుంటాడు చెప్పండి! అప్పటి కోచ్ కార్లో మజోనే, ముదురు మనిషి, సరే నువ్వు వెనక్కి పో, డిఫెన్స్ ముందు నిలబడి అక్కడి నుంచే ఆడు అన్నాడు.

2001 ఏప్రిల్ 1న ట్యూరిన్‌లో యువెంటస్‌తో ఆడిన మ్యాచ్ దొరికితే చూడండి. ఆట అయిపోవస్తుండగా పిర్లో వెనక నుంచి ఒక పొడుగు బంతి వేశాడు. భుజం మీదుగా దిగుతున్న దాన్ని బాజో ఒక్క టచ్‌తో ఆపుతూనే గోల్‌కీపర్ వాన్ డెర్ సార్‌ని దాటేసి లోపలికి తోశాడు. 1-1. ఆ గోల్ గురించి మాట్లాడేటప్పుడు అందరూ బాజో పేరే చెబుతారు, న్యాయమే, ఆ టచ్ అలాంటిది. నేను మాత్రం ప్రతిసారీ రెండు సెకన్లు వెనక్కి జరిపి ఆ పాస్ చూస్తాను.

ఆ వేసవిలో ఏసీ మిలాన్‌కి మారాడు, అక్కడ కోచ్ కార్లో ఆంచెలోట్టి ఈ ఏర్పాటునే ఖాయం చేశాడు. ఇటలీలో ఈ పాత్రని రెజిస్టా అంటారు, సినిమా డైరెక్టర్‌కీ వాళ్ల భాషలో అదే మాట. మన దగ్గర హౌస్‌ఫుల్ ఆడిన సినిమాకి డైరెక్టర్ తెర మీద ఫైట్ చేయలేదేంటని ఎవరైనా అడుగుతారా?

2006 వరల్డ్ కప్ ఫైనల్ అనగానే జిదాన్ తలతో గుద్దిన సంగతే చెబుతారు. అందులో పిర్లో వాటా ఎంత? (చెన్నైలో ఉండే ఒక తెలుగు పాఠకురాలు)

మీది చెన్నై కాబట్టి మాటెరాజ్జీ పేరు వినే ఉంటారు. ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) మొదలైన 2014లో చెన్నైయిన్ క్లబ్‌కి వచ్చి 2015లో కప్పు గెలిపించిన కోచ్ ఆయనే, ఫ్రాన్స్ కెప్టెన్ జిదాన్ గుద్దింది ఆయన ఛాతీనే. ఆ ఫైనల్లో ఇటలీ స్కోరు సమం చేసింది ఆయన హెడర్, ఆ కార్నర్ వేసింది పిర్లో. పెనాల్టీ షూటౌట్లో ఇటలీ తరఫున మొదట కొట్టి గోల్ చేసిందీ పిర్లోనే. టోర్నీలో తొలి మ్యాచ్‌లో ఘనా మీద తొలి గోల్ కూడా అతనిదే. తొలి మ్యాచ్, సెమీస్, ఫైనల్ మూడింటికీ మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ పిర్లో.

అయినా నా ఓటు సెమీస్‌కే. డార్ట్‌మండ్‌లో జర్మనీ జట్టు అంతకు ముందు ఓడిందే లేదు. మనకది అర్ధరాత్రి పన్నెండున్నరకి మొదలైంది, గోల్ లేకుండా ఎక్స్‌ట్రా టైమ్ కూడా అయిపోవచ్చి తెల్లవారుజాము మూడవుతోంది, పక్కింట్లో వాళ్లు లేస్తారని నేను టీవీ సౌండ్ తీసేసి చూస్తున్నాను. 119వ నిమిషం. కార్నర్ నుంచి వెనక్కొచ్చిన బంతి పెనాల్టీ బాక్స్ గీత బయట పిర్లోకి దొరికింది. ఎవడైనా అక్కడి నుంచి గట్టిగా ఒకటి పీకేస్తాడు. ఇతను కొట్టలేదు, బంతిని మెల్లగా తోసుకుంటూ అడ్డంగా కుడివైపు నడిచాడు, జర్మన్లు ఒక్కొక్కరే తన మీదికి వచ్చేదాకా ఆగాడు, ఆగి తలెత్తకుండానే వాళ్ల మధ్య నుంచి తన జట్టువాడు గ్రోసోకి జార్చాడు. గ్రోసో ఎడమకాలితో తిప్పి కొట్టిన షాట్ అవతలి మూలకి పోయింది. సౌండ్ తీసేసి లాభం లేకపోయింది, ఇంట్లో అందర్నీ నేనే లేపాను.

2012 యూరోలో ఇంగ్లండ్ మీద పెనాల్టీని చెంచాతో తీసినట్టు మధ్యలోకి లేపాడు. పోతే ఏమయ్యేది? అది పొగరు కాదా? (ఒక పాఠకుడు, వరంగల్)

పొగరే అనుకున్నా తప్పు లేదు, కానీ లెక్క ఉన్న పొగరు. కీవ్‌లో క్వార్టర్ ఫైనల్, షూటౌట్లో ఇటలీ ఒకటి పోగొట్టుకుని 2-1తో వెనకబడి ఉంది. గోల్‌లో జో హార్ట్ నాలుక బయటపెట్టి, గంతులేసి ఎదుటివాళ్లకి టెన్షన్ పెడుతున్నాడు. అంత ఊపు మీదున్నవాడు ఎటో ఒకవైపు దూకకుండా ఉండడు. పిర్లో నిదానంగా మధ్యలోకి లేపాడు, హార్ట్ అప్పటికే నేల మీదున్నాడు. ఆ తర్వాత యాష్లీ యంగ్ బారుకి కొట్టాడు, యాష్లీ కోల్‌ది ఇటలీ గోల్‌కీపర్ బుఫాన్ పట్టాడు, ఇటలీ 4-2తో గట్టెక్కింది. ఈ తరహా షాట్ 1976 యూరో ఫైనల్లో పనెంకా అనే చెకోస్లొవేకియా ఆటగాడు కొట్టింది, అందుకే అతని పేరే స్థిరపడింది.

పిర్లో పెనాల్టీలన్నీ ఇలాగే అయ్యాయనుకోకండి. 2005 ఇస్తాంబుల్ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో మిలాన్ హాఫ్ టైమ్‌కి 3-0 ఆధిక్యంలో ఉండి కూడా లివర్‌పూల్ చేతిలో షూటౌట్లో ఓడింది, అందులో పిర్లో కొట్టినదాన్ని లివర్‌పూల్ గోల్‌కీపర్ డుడెక్ ఆపేశాడు. ఆ దెబ్బకి ఆటే మానేద్దామనుకున్నానని పిర్లోనే తర్వాత చెప్పుకున్నాడు. రెండేళ్లకి ఏథెన్స్‌లో అదే లివర్‌పూల్ మీద అదే కప్పు గెలిచారు, మొదటి గోల్ ఇతని ఫ్రీకిక్ మిలాన్ ఫార్వర్డ్ ఇంజాగీకి తగిలి లోపలికి పోయిందే.

అంతటివాణ్ణి మిలాన్ ఉత్తినే ఎందుకు వదులుకుంది? (ఇంకో పాఠకుడు, విజయవాడ)

ముప్పై దాటినవాళ్లకి ఏడాదికి మించి కాంట్రాక్ట్ ఇవ్వకూడదని వాళ్లొక పద్ధతి పెట్టుకున్నారు. పైగా కోచ్ అల్లెగ్రికి డిఫెన్స్ ముందు కండబలం ఉన్నవాడు కావాలి. 2011లో యువెంటస్ రూపాయి కట్టకుండా మూడేళ్ల కాంట్రాక్ట్‌తో తీసుకుపోయింది. మొదటి సీజన్లోనే లీగ్‌లో ఒక్క మ్యాచ్ ఓడకుండా టైటిల్, 23 గెలుపులు, 15 డ్రాలు. అక్కడున్న నాలుగేళ్లూ నాలుగు టైటిల్స్. చివరి మ్యాచ్ 2015 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్, బార్సిలోనా చేతిలో 3-1 ఓటమి, 36 ఏళ్ల మనిషి మైదానంలోనే ఏడ్చేశాడు. అది బెర్లిన్ ఒలింపిక్ స్టేడియం, తొమ్మిదేళ్ల కింద వరల్డ్ కప్ ఎత్తింది అక్కడే.

ఫ్రీకిక్ రహస్యం ఏంటి? (ఇంటర్ విద్యార్థి, కరీంనగర్)

లియోన్‌కి ఆడిన బ్రెజిల్ వాడు జునిన్యో వీడియోలు అరగదీశాడు. బంతి కింది భాగాన్ని మూడు కాలివేళ్లతో, పాదం వంచకుండా కొట్టడం. బంతి పెద్దగా తిరగదు, లేచి ఉన్నట్టుండి కిందికి దిగుతుంది. సీరీ ఆలో ఫ్రీకిక్ గోల్స్ మిహైలోవిచ్‌వి 28, పిర్లోవి 26. బూటు చిరిగితే నన్ననకు బాబూ.

ఇతన్ని ఆపినవాడే లేడా? (ఒక పాఠకుడు, హైదరాబాద్)

లేకేం. 2010లో మాంచెస్టర్ యునైటెడ్ కోచ్ ఫెర్గూసన్, కొరియా ఆటగాడు పార్క్ జీ-సంగ్‌కి ఒకటే పని అప్పగించాడు, పిర్లోని అంటిపెట్టుకుని ఉండు అని. నీడలా తిరిగాడు. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మిలాన్ 4-0తో చిత్తు. మెడ తిప్పి చూడ్డానికి ఆ అర సెకను దొరక్కపోతే పిర్లో కూడా మామూలు మనిషే. మిలాన్‌లో అతని పక్కన గట్టూసో అనే ఎద్దు లాంటివాడు ఇద్దరి పరుగూ తనే పరిగెత్తేవాడు, ఆ సంగతి పిర్లో భక్తులు (నాతో సహా) సులువుగా మర్చిపోతారు.

కోచ్‌గా ఎందుకు రాణించలేదు? (అదే పాఠకుడు)

2020లో యువెంటస్ అతన్ని అండర్-23 జట్టుకని తీసుకుని, పది రోజులు తిరక్కుండానే పెద్ద జట్టు చేతిలో పెట్టింది. ఎక్కడా కోచింగ్ చేయకుండా రొనాల్డో ఉన్న డ్రెస్సింగ్ రూమ్‌లోకి! కోప్పా ఇటాలియా (ఇటలీ కప్పు), సూపర్ కప్ గెలిచాడు గానీ లీగ్‌లో నాలుగో స్థానం, ఏడాదికే తీసేశారు. తర్వాత టర్కీలో, సాంప్‌డోరియాలో చేశాడు. గొప్పగా ఏమీ జరగలేదు.

మా వాడికి 13 ఏళ్లు. ఫుట్‌బాల్ అంటే ప్రాణం. కోచ్ గారేమో వీడు స్లో, పనికిరాడు అంటున్నారు. పిర్లో కూడా స్లోనే కదా, ఆ మాట చెప్పి కోచ్‌ని ఒప్పించమంటారా? (ఒక తల్లి, గుంటూరు)

వద్దమ్మా, ఆ వాదన మాత్రం పెట్టుకోకండి. పిర్లో స్లో అయినందువల్ల పిర్లో కాలేదు, పదహారేళ్లకే పెద్దవాళ్ల లీగ్‌లో దింపదగ్గ టచ్ ఉంది కాబట్టి స్లో అయినా చెల్లింది. కోచ్ గారి మాట పూర్తిగా తప్పని ఇక్కడి నుంచి నేననలేను. కానీ 13 ఏళ్లకే పనికిరాడనడం మరీ తొందర, ఆ వయసులో ఒక్క వేసవిలో జానెడు పెరిగే పిల్లలుంటారు.

మీరే ఒక పని చేసి చూడండి. ఈ ఆదివారం వాడి మ్యాచ్‌కి వెళ్లి బంతిని కాదు, వాణ్ణే చూడండి. బంతి తన దగ్గరికి వచ్చేలోపు వెనక్కి ఎన్నిసార్లు చూస్తున్నాడో వేళ్ల మీద లెక్కపెట్టండి. అసలు చూడకపోతే ఇంటి దగ్గర గోడకి కొట్టి ఆడేటప్పుడు మీరు వెనకాల నిలబడి చేత్తో రెండో మూడో వేళ్లు చూపించి, బంతి కాలికి తగిలేలోపు ఎన్నో చెప్పమనండి. మొదట్లో విసుక్కుంటాడు. ఒక నెల అయ్యాక ఆ లెక్క ఎంతకొచ్చిందో నాకు రాయండి.