చెయ్యి ఆపినా ఆగని స్ప్రింగు మోత

ప్రశ్న: మా చర్చిలో ఆరాధన బృందంతో కలిసి ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తుంటాను. నాది స్ట్రాటోకాస్టర్ తరహా గిటారు. డిస్టార్షన్ (ధ్వనిని గరుకుగా మార్చే ఎఫెక్టు) పెట్టుకొని, అరచేతితో తీగలను నొక్కి చిన్నచిన్న దెబ్బలు వాయించి ఆపినప్పుడు, తీగలు ఆగిపోయినా వెనుక నుంచి సన్నగా "జిల్"మనే మోత కాసేపు వినిపిస్తూనే ఉంటుంది. దుకాణంలో చూపిస్తే గిటారు మార్చుకోమన్నారు. మార్చక తప్పదా? – ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: మార్చనవసరం లేదు. మీరు వింటున్నది లోపం కాదు, ఆ యంత్రాంగపు సహజ స్వభావం. గిటారు వెనుక ఉన్న ప్లాస్టిక్ మూత విప్పితే, బ్రిడ్జి (తీగల కింది కొనలు ఆనే లోహపు భాగం) కింద వేలాడే బరువైన లోహపు దిమ్మె, దానికీ ఒంటిలోకి బిగించిన కొక్కేల పట్టీకీ మధ్య సాగదీసి తగిలించిన మూడు నుంచి ఐదు ఉక్కు స్ప్రింగులు కనిపిస్తాయి. ఆ దిమ్మెను బ్లాక్ అనీ, పట్టీని క్లా అనీ అంటారు. 1954లో స్ట్రాటోకాస్టర్‌తో పాటు వచ్చిన ఈ అమరికలో తీగలు ముందు నుంచి బ్రిడ్జిని ఎంత బలంగా లాగుతాయో, స్ప్రింగులు వెనుక నుంచి అంతే బలంగా లాగుతాయి. దీనిని ట్రెమొలో అని పిలవడం స్ట్రాటోకాస్టర్ తయారీదారు ఫెండర్ కంపెనీ చేసిన నామకరణం. నిజానికి ఆ మాట ధ్వని పెరిగి తగ్గడానికి చెందినది. స్వరం పైకీ కిందికీ ఊగడాన్ని వైబ్రాటో అనాలి, మన కంపిత గమకానికి దగ్గరిది అదే.

సితారులో మీటే తీగల కింద, ఎవరూ మీటకుండానే మోగే తరఫ్ తీగలు ఉంటాయని మీరు వినే ఉంటారు. మీ గిటారులో ఆ పని స్ప్రింగులు చేస్తున్నాయి. మీరు తీగను కొట్టిన ప్రతిసారీ కంపనం బ్రిడ్జి గుండా బ్లాక్‌లోకీ, అక్కడి నుంచి స్ప్రింగులలోకీ దిగుతుంది. సాగిన ఉక్కు చుట్టలో కంపనాన్ని మింగే గుణం చాలా తక్కువ కాబట్టి, అరచెయ్యి తీగలను ఆపినా స్ప్రింగు తన స్వరంలో తాను మోగుతూనే ఉంటుంది. ఆ కంపనం తిరిగి బ్రిడ్జి దారినే తీగలకూ, వాటి కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పికప్పులకూ చేరుతుంది. శుద్ధమైన ధ్వనిలో కార్డులు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) వాయిస్తున్నప్పుడు ఇది కలిసిపోతుంది, కొందరు వాదకులు దానిని సన్నని రివర్బ్‌లాగా ఇష్టపడతారు కూడా. డిస్టార్షన్ సంగతి వేరు. అది పెద్ద శబ్దాన్ని కత్తిరించి చిన్న శబ్దాన్ని పైకి లేపుతుంది కాబట్టి, దెబ్బకూ దెబ్బకూ మధ్య నిశ్శబ్దం ఉండవలసిన చోట స్ప్రింగు ముందుకు వస్తుంది.

మందు వేసే ముందు రోగం ఎక్కడుందో తేల్చుకోండి. యాంపు లేకుండా, ఫ్యాను కూడా ఆపిన గదిలో కూర్చొని, తీగలను గట్టిగా మూసి బ్రిడ్జిని వేలితో తట్టి వినండి. తరువాత మూత విప్పి, రెండు వేళ్లు స్ప్రింగుల మీద మెల్లగా ఆనించి మళ్లీ తట్టండి. మోత ఆగితే కారణం స్ప్రింగులే. ఆగకపోతే, నట్‌కూ (మెడ పైకొనలో తీగలు కూర్చునే గాళ్ల పట్టీ) ట్యూనర్లకూ (తీగలను బిగించే మరలు) మధ్యనున్న తీగల ముక్కల మీద వేలు పెట్టి చూడండి. చాలామంది ఈ చోటును మరచిపోయి స్ప్రింగులను నిందిస్తారు. అక్కడ మోగుతుంటే, జడకు కట్టుకునే మెత్తటి గుడ్డ రబ్బరు బ్యాండు ఒకటి ఆ తీగల మీదుగా తొడిగితే చాలు.

స్ప్రింగులే అని తేలితే, వాటికి అడ్డంగా మెత్తటి పదార్థం ఒకటి తాకుతూ ఉండేలా అమర్చాలి. తాకడానికీ నొక్కడానికీ ఉన్న తేడాయే ఇక్కడ అసలు విషయం. తొలి రోజుల్లో నేను మందపాటి స్పాంజిని కుక్కి మూత బిగించాను. మోత పూర్తిగా పోయింది, కానీ బార్ (బ్రిడ్జిని ఊపే కడ్డీ) నొక్కి వదిలిన ప్రతిసారీ శ్రుతి కొద్దిగా తప్పేది, ఎందుకంటే స్ప్రింగులు స్పాంజిని రాసుకుంటూ తమ పాత స్థానానికి తిరిగి రాలేకపోయేవి. అందుకే అమర్చిన తరువాత తప్పక ఒక పరీక్ష చేయండి: శ్రుతి చూపే మీటరు పెట్టి శ్రుతి చూసుకొని, బార్‌ను నాలుగైదు సార్లు నొక్కి వదిలి మళ్లీ చూడండి. తేడా వస్తే మందం తగ్గించండి.

ఏ పదార్థం వాడాలన్న దానిలో నాకొక గట్టి అభిప్రాయం ఉంది. ప్యాకింగులో వచ్చే పసుపు స్పాంజి కొన్నేళ్లకు పొడిపొడిగా రాలి, జిగురుగా మారి స్ప్రింగులకు అంటుకుంటుంది. మన వైపు ఎండలకు అది ఇంకా త్వరగా జరుగుతుంది. దాని బదులు పాలమూరు వైపు కురుమలు నేసే గొంగడి ముక్క వాడి చూడండి. దక్కనీ గొర్రె ఉన్ని ముతకగా, గాలి ఆడేలా ఉంటుంది, నొక్కినా మళ్లీ లేస్తుంది. రెండు వేళ్ల వెడల్పున్న పీలికను ఉతికి ఆరబెట్టి, స్ప్రింగుల మధ్య భాగంలో ఒకదాని పైనుంచి, పక్కదాని కింద నుంచి అల్లినట్టు దూర్చండి. మూత వేసినప్పుడు అది మూతకు గట్టిగా ఒత్తుకోకూడదు. ఉన్నికి పురుగు పట్టే అవకాశం ఉంది కాబట్టి తీగలు మార్చినప్పుడల్లా ఒకసారి విప్పి చూసుకోండి.

అంతకంటే శాశ్వతమైన ఏర్పాటు కావాలంటే, బోరు మోటార్ల వైండింగ్ దుకాణాల్లో దొరికే స్లీవ్ గొట్టాన్ని స్ప్రింగు చుట్టకు వదులుగా తొడగవచ్చు. ముందు తీగలన్నీ బాగా వదులు చేసి, కళ్లకు అద్దాలు పెట్టుకొని, ఒక్కొక్క స్ప్రింగునే కొక్కెం నుంచి తప్పించి తొడిగి తిరిగి తగిలించండి. వేడికి ముడుచుకునే గొట్టమైతే దానిని స్ప్రింగు మీద బిగుతుగా ముడవనివ్వకండి, బిగిస్తే చుట్ట స్వేచ్ఛగా సాగదు. స్ప్రింగు రెండు చివరల కొక్కేలను మాత్రం కప్పకండి. క్లాకు అతికించిన వైరు గుండానే ఎర్త్ వస్తుంది, అది స్ప్రింగుల ద్వారా బ్లాక్‌కూ తీగలకూ చేరుతుంది. కొక్కేలకు గొట్టం అడ్డుపడితే మోత పోయి దాని స్థానంలో "హమ్" మొదలవుతుంది.

ఇన్ని చేసినా మోతను సున్నా చేయాలని పట్టుబట్టకండి. దెబ్బల మధ్య ఖాళీలు శుభ్రంగా వినిపించగానే అక్కడ ఆపండి. నెమ్మదిగా సాగే పాటల్లో ఆ స్ప్రింగుల మెరుపు మీ గిటారు గొంతులో భాగమే, మొత్తం చంపేస్తే ధ్వని మొద్దుబారుతుంది.

ప్రశ్న: బార్ నొక్కినప్పుడల్లా "కిర్రు", "టిక్" అని వస్తోంది. స్ప్రింగులకు నూనె వేయవచ్చా? – ఒక పాఠకురాలు, వనపర్తి

జవాబు: నూనె వద్దు, అది దుమ్మును పట్టి ఉంచుతుంది, చెక్కలోకి కూడా ఇంకుతుంది. మీది స్ప్రింగు మోగే సమస్య కాదు, లోహం లోహాన్ని రాసుకునే సమస్య. స్ప్రింగు కొక్కెం క్లా మీద తిరిగే చోట, అవతలి కొన బ్లాక్ రంధ్రంలో కూర్చునే చోట, అగ్గిపుల్ల కొనతో వాజలైన్ అంటీ అంటనట్టు రాస్తే కిర్రు ఆగుతుంది. "టిక్" శబ్దం మాత్రం చాలాసార్లు ముందు వైపు నుంచి వస్తుంది. బార్ ముట్టుకోకుండా ట్యూనర్‌ను నెమ్మదిగా తిప్పండి. అప్పుడూ టిక్‌మంటే నట్ గాడిలో తీగ ఇరుక్కుంటోందని అర్థం. ఆ గాడిలో మెత్తటి పెన్సిల్ ముల్లు రుద్దితే గ్రాఫైట్ పొడి తీగను జారనిస్తుంది. అయినా ఆగకపోతే గాడి ఇరుకుగా ఉన్నట్టే, దానిని మాత్రం అనుభవజ్ఞుడి చేత సాపు చేయించండి.

ప్రశ్న: నా గిటారులో బార్ రంధ్రంలో కదిలి గిలగిల మోగుతోంది. – ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: ప్లంబింగ్ సామాను దుకాణంలో దొరికే తెల్లటి టెఫ్లాన్ టేపును బార్ మరల మీద రెండు మూడు చుట్లు చుట్టి బిగించండి. మరల కొన మీ ముఖం వైపు ఉండేలా బార్‌ను పట్టుకొని, గడియారం ముల్లు తిరిగే దిశలోనే చుట్టండి. అలా చుట్టకపోతే బార్ బిగిస్తున్నప్పుడు టేపు ఊడివచ్చి రంధ్రం నోటి దగ్గరే ఉండలా చుట్టుకుపోతుంది.