మిగతా 8 శాతం ఏమైంది?

అమ్మాయీ,

ఆశీస్సులు. రసాయనం తయారీలో తొలి బ్యాచ్‌కే 92 శాతం దిగుబడి, అంటే లెక్క ప్రకారం రావలసిన సరుకులో 92 శాతం, వచ్చిందని నువ్వు రాసింది చదివి సంతోషించాను. చదివిన మరుక్షణమే ఒక సందేహం వచ్చింది: మిగతా 8 శాతం ఏమైనట్టు? నీ ఉత్తరంలో దాని ఊసే లేదు. అందుకే ఈ జాబు.

దిగుబడి అక్కర్లేదని అనను. ఒక రసాయనాన్ని పది దశల్లో తయారుచేసే సంశ్లేషణలో ఒక్కో దశకు 90 శాతం వచ్చినా చివరికి చేతికి దక్కేది 35 శాతమే. ఒక్కో దశకు 80 అయితే 11 కూడా నిండదు. దశల్ని సానబెట్టడం కంటే దశల్నే తగ్గించడం తెలివైన పని. నొప్పి మందు ఐబూప్రొఫెన్‌ను మొదట ఆరు దశల్లో చేసేవారు. లోపల వేసిన పదార్థాల బరువులో మందుగా మారగలిగేది దాదాపు 40 శాతం, మిగిలినదంతా వ్యర్థమే. తర్వాత వచ్చిన పద్ధతి మూడు దశలతో దాన్ని 77కు తెచ్చింది. కాకపోతే అందులో హైడ్రోజన్ ఫ్లోరైడ్ వాడతారు, అది చర్మంలోంచి లోపలికి దిగి కాల్చే విషం. దానితో పని పడితే ఆ గాయాలకు పూసే కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందేంత దూరంలో ఉందో లేదో చూసుకున్నాకే సీసా మూత తియ్యి.

నువ్వు ఇప్పుడు నైట్రేషన్, అంటే నైట్రిక్ ఆమ్లంతో అణువుకు నైట్రో గుంపును తగిలించే చర్య, మొదలుపెడుతున్నానన్నావు కాబట్టి వేడి గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఒకసారి నేను ఫ్లాస్కును మంచులో పెట్టి, 5 డిగ్రీలు దాటకుండా ఆమ్లాన్ని చుక్కచుక్కగా వేస్తూ వచ్చాను. థర్మామీటర్ కదల్లేదు. అంతా సవ్యంగా ఉందనుకుని చుక్కల వేగం పెంచాను. నిజానికి ఆ చలికి చర్య మొదలే కాలేదు, వేసిన ఆమ్లం వేసినట్టే లోపల పోగుపడింది. మొత్తం వేసేశాక పాదరసం కదిలింది. 10, 20, చూస్తూండగానే 60. ఫ్లాస్కు మెడలోంచి గోధుమ రంగు పొగ. పొగను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ తలుపు దించి ఉండబట్టి బతికిపోయాను. ఆ పొగ పీల్చినవాడికి అప్పటికి కాస్త దగ్గు తప్ప ఏమీ అనిపించకపోవచ్చు, కొన్ని గంటలకు ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. పీల్చాననిపిస్తే బాగానే ఉన్నానని ఇంటికి వెళ్లకు, ఆసుపత్రికి వెళ్లు.

ఆమ్లం వేస్తున్నప్పుడు వేడి పుట్టకపోతే భయపడటం నేర్చుకో. పుడుతూ ఉంటే వేసింది వేసినట్టు ఖర్చవుతోందని అర్థం. పైగా నాది ఒక లీటరు ఫ్లాస్కు. అదే ఆకారంలో వెయ్యి లీటర్ల రియాక్టర్ తీసుకుంటే వేడిని పుట్టించే ద్రవం వెయ్యి రెట్లు పెరుగుతుంది, ఆ వేడిని బయటికి పంపే గోడ మాత్రం వంద రెట్లే. లీటరు ద్రవానికి దక్కే గోడ పదో వంతుకు పడిపోయిందన్నమాట. క్యాలరీమీటర్‌లో చర్య ఎంత వేడి ఇస్తుందో కొలవకుండా పెద్ద బ్యాచ్‌కు సంతకం పెట్టకు, ఎవరు తొందరపెట్టినా సరే.

ఇక ఆ 8 శాతం. అందులో కొంత మలినంగా మారి ఉండొచ్చు. రక్తపోటు మందు వాల్సార్టన్ ఉదంతం నీకు తెలిసే ఉంటుంది. తయారీ పద్ధతిలో ద్రావణిని, అంటే చర్య జరిగే ద్రవాన్ని, మార్చారు. కొత్త ద్రావణి డైమిథైల్ ఫార్మమైడ్ కొద్దికొద్దిగా విడిపోయి డైమిథైల్ అమైన్ ఇస్తుంది. వాడగా మిగిలిపోయిన అజైడ్ అనే విషపు రసాయనాన్ని నిర్మూలించడానికి వేసిన నైట్రైట్ ఆ అమైన్‌తో కలిసింది. పుట్టింది నైట్రోసమైన్, క్యాన్సర్ కారకం కాగలిగిన పదార్థం. మామూలు పరీక్షలు దానికోసం వెతకలేదు, కాబట్టి అది కనబడనూ లేదు. రోజూ ఒక మాత్ర చొప్పున జనం మింగుతూనే ఉన్నారు. 2018లో బయటపడి ఎన్నో దేశాల్లో సరుకు వెనక్కి తీసుకున్నారు. ఇందులో ఏ ఒక్క చర్యా వింతైనది కాదు, పాఠ్యపుస్తకంలో ఉన్నవే. ఒక దశలో మిగిలిన చెత్త తర్వాతి దశలో వేసేదాన్ని కలిస్తే ఏమవుతుందని ఎవరో ఒకరు కాగితం మీద గీసి చూసుకోవలసింది. నువ్వు గీసి చూసుకో. ద్రావణి మారిన ప్రతిసారీ మళ్లీ గీయి.

మలినం లేకపోతే చాలు, పని అయిపోయిందనుకోకు. ఎయిడ్స్ మందు రిటోనావిర్‌లో అణువు అదే, శుద్ధతా అదే. 1998లో అది ఉన్నట్టుండి మరో రూపంలో స్ఫటికం కట్టడం మొదలుపెట్టింది. ఆ స్ఫటికం సరిగా కరగదు. క్యాప్సూళ్లు ఆపేసి మందును మళ్లీ రూపొందించవలసి వచ్చింది. కాబట్టి నీ పొడి ఈసారి కాస్త వేరుగా మెరిసినా, వడగట్టడానికి ఎక్కువసేపు పట్టినా పుస్తకంలో రాసిపెట్టు. కారణం తెలియకపోయినా రాయి.

వడగట్టాక మిగిలిన ద్రవాన్ని పారబోయలేదు కదా? అందులోంచి కాస్త తీసి పరీక్షకు పంపు. వచ్చే ఉత్తరంలో దిగుబడి రాయకపోయినా ఏమీ అనుకోను, ఆ ద్రవంలో ఏమేం కనిపించాయో మాత్రం రాయి.

మీ పెదనాన్న