పీఎస్‌5 కొనాలా, గేమింగ్ పీసీయా?

చిన్నా,

సోనీ వాళ్ల పీఎస్‌5 (ప్లేస్టేషన్ 5, టీవీకి తగిలించి ఆడే గేమ్ డబ్బా, అంటే కన్సోల్) కొనాలా, గేమింగ్ పీసీ కొనాలా అని అడిగావుగా. షాపుకి వెళ్లే ముందు, వచ్చే రెండేళ్లలో నువ్వు నిజంగా ఆడబోయే గేమ్స్ పేర్లు కాగితం మీద రాసుకో. సగం నిర్ణయం అక్కడే అయిపోతుంది.

కౌంటర్-స్ట్రైక్ 2, డోటా 2 కన్సోల్‌కి లేవు. అవే నీ ప్రాణమైతే పీసీ తప్ప దారి లేదు. జీటీఏ లాంటివైతే కథ వేరు. జీటీఏ 5 కన్సోల్స్‌కి 2013లో వస్తే పీసీకి 2015 దాకా రాలేదు. సోనీ గాడ్ ఆఫ్ వార్ 2018లో పీఎస్‌5కి ముందు మోడల్ పీఎస్‌4కి వచ్చింది, పీసీ వాళ్లు 2022 దాకా ఆగారు. అంత ఓపిక నీకుందా? మైక్రోసాఫ్ట్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ మాత్రం వదిలెయ్. మైక్రోసాఫ్ట్ సొంత గేమ్స్ ఇప్పుడు విండోస్‌కి కూడా అదే రోజు వస్తున్నాయి.

ఇక డబ్బు సంగతి. పీఎస్‌5 లోపల ఉన్నది పీసీల్లో వాడే రకం ఏఎండీ చిప్పే, 16 జీబీ మెమరీ. అదే స్థాయి పీసీ విడిగా కట్టించుకుంటే చాలా ఎక్కువవుతుంది. మరి సోనీకి ఎలా గిట్టుబాటవుతుంది? డబ్బా మీద లాభం పెద్దగా చూసుకోదు. అమ్ముడయ్యే ప్రతి గేమ్‌లో వాటా తీసుకుంటుంది. కొన్న గేమ్స్‌ని ఆన్‌లైన్‌లో ఆడాలంటే పీఎస్ ప్లస్ అనే సోనీ చందా కూడా కట్టాలి. ఫోర్ట్‌నైట్ లాంటి ఉచిత గేమ్స్‌కి అది అక్కర్లేదు. పీసీలో ఆన్‌లైన్‌కి విడిగా చందా ఉండదు. పైగా స్టీమ్, ఎపిక్ లాంటి స్టోర్లు పోటీ పడి ధరలు తగ్గిస్తాయి. అందుకే నాలుగేళ్ల ఖర్చు కలిపి లెక్కవెయ్, మొదటి రోజు బిల్లు ఒక్కటే చూడకు.

కన్సోలే అనుకుంటే డిస్క్ పెట్టే మోడలే తీసుకో. ఆడేసిన డిస్క్ అమ్ముకోవచ్చు, పాతది చవగ్గా కొనుక్కోవచ్చు. డిస్క్ పెట్టే చోటు లేని డిజిటల్ ఎడిషన్‌ అలాగే వాడితే సోనీ స్టోర్ చెప్పిందే ధర.

నా ఓటు మాత్రం పీసీకే. బీటెక్‌లో కోడింగ్‌కి ఎలాగూ కంప్యూటర్ కావాలి, రేపు గ్రాఫిక్స్ కార్డ్ ఒక్కటే మార్చుకోవచ్చు. హాస్టల్‌లో ఉండాల్సి వస్తే మాత్రం మళ్లీ ఆలోచించు, ఆ క్యాబినెట్‌, మానిటర్ మోసుకు తిరగడం కష్టం.

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో రెండు మూడు షాపుల్లో కొటేషన్ రాయించుకో. ఎక్కువ డబ్బు గ్రాఫిక్స్ కార్డ్‌కే పెట్టు. ఎస్ఎమ్‌పీఎస్ (పీసీ లోపలి భాగాలకి కరెంట్ ఇచ్చే పెట్టె) దగ్గర మాత్రం కక్కుర్తి పడకు, అది చెడితే మిగతావి కూడా పోవచ్చు. ప్రతి పార్ట్ పేరూ, వారంటీ బిల్లు మీద రాయించు. డబ్బు కట్టే ముందు ఆ కొటేషన్లు నాకు వాట్సాప్ చెయ్.

ప్రేమతో,
బాబాయ్