రోజూ ఒకే దారిలో పరుగెత్తితే బోర్ కొట్టదా?

కరీంనగర్‌లో మానేరు వెంట రోజూ అదే దారిలో పరుగెత్తడం విసుగు కాదా అన్నది ప్రశ్న. నాకైతే కాదు.

తెలిసిన దారిలో ఎక్కడ తిరగాలి, ఇంకా ఎంత దూరముంది అనే లెక్కలు ఉండవు. కాళ్ల పని అవే చూసుకుంటాయి. పైగా దారి మారదు కాబట్టి ఒంట్లో మార్పు ఇట్టే తెలిసిపోతుంది. నిన్న సులువుగా ఎక్కిన ఎత్తు ఇవాళ ఆయాసం తెప్పించిందంటే రాత్రి నిద్ర చాలలేదనో, ఎండ ముదిరిందనో అనుకోవచ్చు. వేడిలో ఒళ్లు చల్లబడేందుకు రక్తం చర్మం వైపు ఎక్కువగా వెళ్తుంది. అందుకే అదే వేగానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో టైమింగ్ చూసుకొని టెన్షన్ పడకండి.

దారి ఒకటే గానీ ఏరు ఒకేలా ఉండదు. ఎండాకాలంలో నీళ్లు తగ్గి బండలు తేలతాయి. వానాకాలంలో లోయర్ మానేరు డ్యామ్ గేట్లు ఎత్తితే అక్కడే ఎర్రనీళ్లు గోదావరి వైపు ఉరుకుతాయి (ఆ రోజు పరుగు సాగదు, నిలబడి చూడాల్సిందే). చలికాలం పొద్దున పొగమంచు దట్టంగా ఉంటే 2023లో ప్రారంభమైన తీగల వంతెన సగమే కనిపిస్తుంది.

ఇంకా దూరం కావాలనిపిస్తే అదే దారికి ఒక కిలోమీటరు కలపండి. గేట్లు ఎత్తినప్పుడు మాత్రం ఏట్లోకి దిగొద్దు.