రెట్టింపు కాని అంకె

ప్రశ్న: డాక్టర్ గారూ, నెల తప్పి ఇంకా వారం కాలేదు. మొదటి రక్తపరీక్షలో బీటా హెచ్‌సీజీ (గర్భం వచ్చాక రక్తంలో పెరిగే హార్మోను) 210 వచ్చింది. సరిగ్గా 48 గంటల తర్వాత 340. రెట్టింపయితే 420 ఉండాలి కదా? గర్భాన్ని నిలిపే హార్మోను ప్రొజెస్టెరాన్ 14. నొప్పి, రక్తస్రావం లేవు. కిందటిసారి ఏడో వారంలో గర్భం పోయింది. ఇప్పుడు నిద్ర పట్టడం లేదు. ఎల్లుండి మళ్లీ పరీక్ష చేయించుకోనా? హార్మోను పెరగడానికి మందు ఉందా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఏడో వారం అన్న మాట దగ్గర కాసేపు ఆగిపోయానమ్మా. ఒకసారి పోగొట్టుకున్నాక రిపోర్టు తెరవాలంటేనే చేతులు వణుకుతాయి.

ముందు మీ లెక్క చూద్దాం. 210 నుంచి 340కి అంటే దాదాపు 62 శాతం పెరిగింది. మొదటి అంకె 1500 లోపు ఉన్నప్పుడు రెండు రోజుల్లో 49 శాతం పెరిగినా అది మామూలు గర్భంలో కనిపించే పెరుగుదలే. మీది అంతకన్నా ఎక్కువే ఉంది. ‘రెట్టింపు కావాల్సిందే’ అన్న మాట ఎందరి చేత కన్నీళ్లు పెట్టించిందో చూశాను కనుక నాకు ఆ మాట మీద కోపం. ఇదే హెచ్‌సీజీ ఎనిమిది నుంచి పదకొండు వారాల మధ్య గరిష్ఠానికి చేరి, ఆపైన తానే తగ్గుతుంది. అప్పుడు పరీక్ష చేయించుకొని కంగారుపడకండి.

దాన్ని పెంచే మందు గురించి అడిగారు. హెచ్‌సీజీ తయారయ్యేది మీ ఒంట్లో కాదు, పిండం చుట్టూ మాయగా మారబోయే కణాల్లో. లోపల ఏం జరుగుతోందో ఆ అంకె చెబుతుంది, అంతే. మందుతో అంకెను పెంచినంత మాత్రాన గర్భం బలపడదు. కిందటిసారి మీరేదో తక్కువ చేశారని కూడా అనుకోవద్దు.

ప్రొజెస్టెరాన్ సంగతి వేరు. మొదటి వారాల్లో అది అండాశయం నుంచి అలలు అలలుగా వస్తుంది, ఉదయం ఒకలా, సాయంత్రం ఒకలా. అందుకే ఒక్క 14ను పట్టుకుని ఏమీ తేల్చలేం. ఇంతకుముందు గర్భస్రావమై, ఈసారి రక్తస్రావం కనిపించినవారికి ప్రొజెస్టెరాన్ మేలు చేస్తుందని 2019లో వచ్చిన ప్రిజమ్ అధ్యయనం సూచించింది. మీకు రక్తస్రావం లేదు. మొదలైతే మీ డాక్టరును ఈ మందు గురించి తప్పక అడగండి.

ఎల్లుండి పరీక్ష మీ డాక్టరు చెబితేనే. అదీ అదే ల్యాబులో, ఎందుకంటే ల్యాబు మారితే అంకె కూడా కొంత మారుతుంది. అయితే గర్భం ఎక్కడ నిలిచిందో, గర్భసంచిలోనా, బయట ట్యూబులోనా అన్నది ఏ అంకే చెప్పలేదు. ఏడో వారంలో చేసే స్కానింగే చెప్పాలి. గుండె కొట్టుకోవడం కూడా మామూలుగా అప్పటికి కనిపిస్తుంది.

ఈలోగా పొత్తికడుపులో ఒక పక్కనే నొప్పి, భుజం కొనన నొప్పి, కళ్లు తిరగడం, రక్తస్రావం – వీటిలో ఏది కనిపించినా స్కానింగు తేదీ దాకా ఆగకండి. అర్ధరాత్రి అయినా సరే, ఆసుపత్రికి వెళ్లండి.